రెండేసి గాట్లు

ఏలూరు ఆసుపత్రి వరండాలో గోడవారగా ఉన్న బల్ల మీద పేరంటాలు ఒక్కతే కూర్చుంది. తెల్లారకముందే తాటిదోనెలో కొల్లేరు దాటి, అవతలి రేవులో గంగరాజు చేపలబండి ఎక్కి వచ్చిందేమో, చీరంతా చేపల వాసన పట్టేసింది. దగ్గరికొచ్చినవాళ్లు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పక్కకి పోతున్నారు. పోతే పోయారు, చోటు మిగిలింది అనుకుని తన ఆరునెలల బిడ్డ బుల్లెమ్మని పక్కన పడుకోబెట్టి విసురుతోంది.

ఆ బల్లకి మిగులుబల్ల అని పేరు. మశూచి టీకామందు మద్రాసు నుంచి సన్నటి గాజుగొట్టాల్లో వస్తుంది. మూతి విరిచిన గొట్టం ఆ పూటే వాడెయ్యాలి, మర్నాటికి పనికిరాదు. చీటీలు తెచ్చుకున్న ఊళ్లో పిల్లలందరికీ వేశాక అడుగున ఏమైనా మిగిలితే అది చీటీ లేనివాళ్లకి. ముందు కూర్చున్నవాళ్లకి ముందు. బల్ల మీంచి లేచారా, వరస పోయినట్టే. నర్సు రూతమ్మ పెట్టిన కట్టడి అది.

ఇందాకే ఒక ప్లీడరుగారి గుమాస్తా చలపతిరావు వచ్చి చేతులు నలుపుకుంటూ అడిగాడు. "మిగిలిన మందు కాస్త ఇప్పించండి. మా అమ్మాయిగారి బిడ్డకి ఇంటిదగ్గరే వేయించుకుంటాం."

"మందు చేతుల దగ్గరికి రాదండీ, చేతులే మందు దగ్గరికి రావాలి. బిడ్డని తీసుకొచ్చి ఆ బల్ల చివర కూర్చోమనండి" అంది రూతమ్మ.

ఆయన బల్లకేసి చూశాడు. గాలి పీల్చాడు. వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

రూతమ్మ పేరంటాలు వైపు తిరిగింది. "నీదేవూరమ్మా?"

"కొల్లేట్లో లంకండి."

"లంకకి టీకాలాయన చలికాలంలో వెళ్లాడుగా?"

పేరంటాలు తల దించుకుని జరిగింది చెప్పింది. వెళ్లిన మాట నిజమే. ఆయన దోనె కనబడగానే ఆడవాళ్లంతా పిల్లల్ని చంకనేసుకుని కిక్కిసగడ్డిలోకి దోనెలు తోసేశారు. టీకా వేయిస్తే అమ్మవారికి కోపమొస్తుందని అత్త వెంకటనరసమ్మ నమ్మకం. ఆయన తిరిగి వెళ్లేదాకా పేరంటాలు కూడా ఆ గడ్డిలోనే, బుల్లెమ్మ ఏడుపు బయటికి రాకుండా గుండెకి అదుముకుని కూర్చుంది. ఇప్పుడు పక్క లంకలో అమ్మవారు పోసింది. చంటిపిల్లలు పోతున్నారు. మొగుడు పాపారావు తాడేపల్లిగూడెంలో బియ్యం మిల్లులో పని, ఎప్పుడొస్తాడో తెలీదు. అత్తతో రవికగుడ్డకని చెప్పి తనే బయల్దేరింది.

"వచ్చిననాడు గడ్డిలో దాక్కుని ఇవాళ అడుగుబొట్టుకి వచ్చావా?"

"తప్పైపోయిందండి."

రూతమ్మ బుల్లెమ్మని చూసింది. "దాక్కుంది నువ్వు, అది కాదుగా. కూర్చో" అని లోపలికి వెళ్లింది.

ఎండెక్కాక ఇంకో ఆవిడ వచ్చింది. చంకలో పిల్లవాడు, కాళ్ల నిండా ఎర్రదుమ్ము. వచ్చి తిన్నగా పేరంటాలు పక్కనే కూర్చుంది. ముక్కు మూసుకోలేదు.

"చేపలా?"

"బండి మీదొచ్చానక్కా. కొరమీనులు."

"అబ్బ, వాసనకే ఆకలేస్తోంది."

పొద్దున్నించీ పేరంటాలు నవ్వడం అదే మొదలు. ఆవిడది చింతలపూడి అవతల మెట్ట. నిన్న బయల్దేరిందట. టీకాలాయన ఏడాదికోసారి ఊళ్లోకి వస్తాడు, మునసబుగారి అరుగు మీద కూర్చుంటాడు, తమ పేటదాకా రాడు. "రమ్మని కబురెడితే మేమే ఎల్దుం. కబురే రాదు" అందావిడ. పిల్లల పళ్ల గురించీ, పాలు చాలకపోవడం గురించీ మాట్లాడుకున్నారు. ఒకరి పేరొకరు అడగాలని తోచలేదు.

నీడలు సాగుతున్న వేళ గేటు దగ్గర కేక వినబడింది. గంగరాజు.

"అమ్మాయ్! బండి కట్టేశాను. వస్తావా, ఉంటావా?"

పేరంటాలు గేటుకేసి చూసింది. ఆ బండి పోతే రేవుకి చేరేదెలా? "అక్కా, మూట ఇక్కడ పెడతాను. నేనొచ్చేదాకా నా చోటు చూస్తుండవా?"

"సరే, ఎల్లిరా."

బుల్లెమ్మని ఎత్తుకుని గేటు దగ్గరికి పరుగెత్తింది. "ఇంకాసేపు మావయ్యా, నీకు పుణ్యముంటది."

"పుణ్యం సరే, మీ అత్తకేం చెప్పను? రవికగుడ్డ కొనుక్కుంటానని వచ్చావు. గుడ్డేదే?"

"మావయ్యా!"

గంగరాజు తలపాగాలోంచి చుట్ట తీశాడు. "ఇది కాలేదాకా ఆగుతా. ఆ తరవాత నా ఎద్దులు నా మాట కూడా వినవు."

తిరిగొచ్చేసరికి బల్ల ఖాళీ. మూట ఒక్కటే ఉంది. లోపల్నించి రూతమ్మ గొంతు వినబడుతోంది.

పేరంటాలు గుమ్మంలో ఆగిపోయింది. మెట్ట ఆవిడ స్టూలు ముందు నిలబడి ఉంది గానీ కూర్చోవడం లేదు. పిల్లవాణ్ణి వెనక్కి తిప్పి పట్టుకుంది.

"ముందొచ్చింది ఆవిడండి. మూట చూడండి, బల్ల మీదే ఉంది."

"మూటకి టీకా వెయ్యమంటావా? లేస్తే వరస పోతుంది. కట్టడి కట్టడే."

"చూస్తుండమందండి. నేను సరేనన్నాను. సరేనని, ఇప్పుడెట్టా కూర్చోను?"

డాక్టరు ఎలీయాజరుగారు గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి చూశారు. "నాలుగు గాట్లకే వస్తుంది. అంటే ఒక్కరికి. ఎవరో తేల్చండమ్మా, ఆరిపోతుంది."

రూతమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, పేరంటాలుకి స్టూలు చూపించింది.

పేరంటాలు మెట్ట ఆవిడ మొహం చూడకుండా వెళ్లి కూర్చుంది. డాక్టరుగారు బుల్లెమ్మ దండచెయ్యి తుడిచి ఒక గాటు పెట్టారు. పిల్ల గుక్కపట్టింది. రెండోది పెట్టారు. ఆ ఏడుపు విని వెనక పిల్లవాడు కూడా రాగం అందుకున్నాడు.

"ఊరుకో మత్తయ్యా. మనకి కాదులే, నీకెందుకేడుపు?"

పేరంటాలు బిడ్డ చెయ్యి వెనక్కి తీసుకుంది. "చాలండి."

"చాలడమేంటి? ఇంకా రెండున్నాయి."

"అవి ఆ బాబుకి వెయ్యండి."

డాక్టరుగారు కళ్లజోడు పైనుంచి చూశారు. "ఇది పంచుకునే మిఠాయి కాదమ్మా. గాటు పొక్కితేనే టీకా పట్టినట్టు. నాలుగేస్తే ఏదో ఒకటి పొక్కుతుంది. రెండు పెట్టి, పొక్కుతుందని నేను మాటివ్వలేను. పొక్కకపోతే వెయ్యనట్టే. నీ బిడ్డ. నువ్వే చెప్పు."

నాలుగూ వేసెయ్యండి అన్నమాట నాలిక చివరిదాకా వచ్చింది. ఇంకొంచెంసేపు కూర్చుంటే అనేస్తానని తెలిసి పేరంటాలు గబుక్కున లేచి నిలబడింది.

మెట్ట ఆవిడ కళ్లు పెద్దవి చేసి చూసి, వెళ్లి స్టూలు మీద కూర్చుంది. అప్పుడే గేటు దగ్గర గంగరాజు రెండో కేక. పేరంటాలు మూట తీసుకుని పరుగెత్తింది.

బండి ఊరు దాటాకగానీ భయం పట్టుకోలేదు. పట్టుకున్నాక వదల్లేదు. ఏం పని చేశాను? ఎవరి బిడ్డకో ఇచ్చేశాను. బుల్లెమ్మ నిద్రలో ఎక్కిళ్లు పెడుతుంటే ఆ చెయ్యి ఎండ తగలకుండా రేవుదాకా అరచెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

అత్త గాట్లు చూసింది. తన మొహం మీది మచ్చలు తడుముకుంది. "అమ్మ చూసిన మొహమే ఇది. నేను బతకలేదూ? ఆవిణ్ణి కాదని దొంగచాటుగా పోయావు. ఇహ నీ బిడ్డ, నీ ఇష్టం" అని వేరే వండుకోవడం మొదలుపెట్టింది. ఇరుగుపొరుగు కూడా గుమ్మం దగ్గరే ఆగి మాట్లాడి పోతున్నారు. రెండు రోజులకి అదీ మానేశారు.

రోజూ పొద్దున్నే చెయ్యి విప్పి చూస్తుంది. పై గాటు ఎండి నల్లగీత అయింది. కిందిదీ అంతే. పక్క లంకలో డప్పులు నీళ్ల మీదుగా వినబడుతుంటాయి. మోగినా భయమే, ఆగినా భయమే. నాలుగు గాట్లుంటే అని లెక్కేస్తుంది. మళ్లీ స్టూలు దగ్గర మొండిగా నిలబడ్డ ఆ మనిషి గుర్తొచ్చి, లెక్క మధ్యలో ఆపేస్తుంది.

ఆ వారంలోనే ఒక పొద్దున కింది గాటు ఎర్రగా కనబడింది. మర్నాటికి దాని మీద కందిగింజంత పొక్కు, నీరు నిండి మెరుస్తోంది. పైది అలాగే ఎండిపోయింది. పేరంటాలు ఆ పొక్కు దగ్గరగా మొహం పెట్టి, తగలకుండా ఊదింది. తరవాత ఒక్క ఉదుటున బయటికి పరుగెత్తింది.

ఎవరికి చెప్పాలి? అత్త మొహం తిప్పుకుంది. పక్కింటి తలుపు మూసి ఉంది. పొక్కిందా అని అడిగే మనిషి ఒక్కతే. ఆవిడ మెట్టలో ఎక్కడో ఉంది.

లంక రేవులో గంగరాజుని పట్టుకుని, ఆవిడ మళ్లీ వచ్చిందేమో ఆసుపత్రిలో అడిగి రమ్మంది. సాయంత్రం అతను చుట్ట నోట్లోంచి తియ్యకుండానే చెప్పాడు. "మళ్లీ రాలేదటే. అంత దూరం నుంచి ఎవరొస్తారు? పేరూ ఊరూ కూడా రాసుకోలేదట. చీటీ ఉన్నోళ్లవే రాసుకుంటారట."

"బాబు పేరు మత్తయ్య అని చెప్పావా?"

"మెట్టలో ఎంతమంది మత్తయ్యలే, పిచ్చిదానా!"

అతను దోనెలు కట్టెయ్యడానికి వెళ్లిపోయాడు. పేరంటాలు బుల్లెమ్మని ఒళ్లో పెట్టుకుని రేవులోనే కూర్చుంది. నీళ్లు దాటితే ఏలూరు, ఏలూరు దాటితే మెట్ట. తను ఎప్పుడూ చూడలేదు. నేల ఎర్రగా ఉంటుందని మాత్రం ఆవిడ కాళ్లు చూసి తెలుసు.

"నీకు రెంట్లో ఒకటి పొక్కింది. వాడికీ ఒకటి పొక్కే ఉంటుంది" అని పైకే అంది.

వినడానికి బుల్లెమ్మ ఒక్కతే ఉంది.