ఖండప్ప పట్టుకుపోయిన మాట

హైటెక్ సిటీ అంతస్తు మీద అంతస్తు లేస్తున్న రోజులవి. బీదర్‌లో చౌబారా బురుజు వెనక సందులో, అద్దె ఇంటి ముందరి గదిలో అలేఖ్య సాయంత్రాలు తెలుగు నేర్పేది. హైదరాబాదుకు పనికి పోయే కన్నడం వాళ్లు చాప మీద కూర్చుని ఆమె అన్నది తిరిగి అనేవాళ్లు. అందరూ పోయాక ఆమె డైరీ రాసుకునేది. ఏం చెప్పింది, ఎవరు ఎక్కడ తడబడ్డారు, రేపు ఇంకెట్లా చెప్పాలి.

ఆ రాతలో ఖాళీలుండేవి. శిష్యులకు బాగా పట్టుబడిన మాట ఆ పూటకు ఆమె నోటినుంచీ కలంనుంచీ వెళ్లిపోయేది. రాత్రి నిద్రలో వాళ్లు కాస్త మరిచిపోతే తెల్లారేసరికి తిరిగొచ్చేది. 'ఉప్పు' నేర్పిన సాయంత్రం కొట్టుకు పోతే, సంగయ్య అడక్కుండానే పొట్లం కట్టి ఇచ్చేవాడు. భర్త ఈశ్వర్‌కూ ఆమె సైగలు అలవాటే.

దగ్గర్లోని చిమ్కోడ్ ఊళ్లో పంట ఎండిపోయి, ఖండప్ప అనే రైతు హైదరాబాదులో వాచ్‌మన్ పని కుదుర్చుకున్నాడు. వచ్చీరాని తెలుగులో అడిగాడు.

"టీచరమ్మా, ఎవరేమన్నా ఒక్కటే మాట అనాలంటుండు సూపర్‌వైజరు. మేము 'ఆయ్తు' అంటం. తెలుగుల ఏమంటరు?"

"సరే."

చేతులు కట్టుకుని, నడుం వంచి, ఖండప్ప దాన్ని పాఠమంతా అన్నాడు. సందు చివరిదాకా అనుకుంటూ పోయాడు.

ఆ రాత్రి ఆమె డైరీలో ఒక ఖాళీ వదిలి, కింద రాసింది: "తెస్తా, వస్తున్నా సార్, తప్పయింది. ఇన్నాళ్లూ నేర్పినవన్నీ తలొంచే మాటలే. కాదనేది ఒక్కటి నేర్పలేదు. నాకు వస్తే గద, నేర్పడానికి." ఇంకేమీ రాయబుద్ధి కాలేదు.

తెల్లారి ఖండప్ప బస్సెక్కాడు. మాట తిరిగి రాలేదు. అక్కడ దానితో పని ఎక్కువ, మరిచిపోయే తీరిక అతనికెక్కడిది?

ఆదివారం పొద్దున ఈశ్వర్ ఫోన్ పెట్టేసి సంబరంగా వచ్చాడు.

"అన్న జేసిండు. వదినె ఆఫీసుకు పోతాంది, పిల్లల్ని చూసేటోళ్లు లేరంట. మనల్ని వాళ్లింటికే రమ్మంటుండు. నన్ను ప్లాట్ల పనిల పెట్టుకుంటడంట. నీ క్లాసులు బంద్ జెయ్యి."

అలేఖ్య నోరు తెరిచింది. సిద్దిపేట నుంచి మెదక్‌కు, మెదక్ నుంచి ఇక్కడికి ఈశ్వర్ వెంట ఆ ఒక్క మాటతోనే వచ్చింది. వెతికింది, లేదు. దాని చుట్టపు మాటలు కూడా దాని వెంటే పోయినట్టున్నాయి. తలూపబోయింది, మెడ కదల్లేదు. ఈశ్వర్ ఎదురుచూస్తున్నాడు.

"నేను రాను" అంది.

"ఏందీ?"

"అలిసిపోయిన. ఇగ ఎవరింటికీ రాను. ఇక్కడనే పాఠాలు చెప్పుకుంట."

గోడకానుకుని చాప మీద కూర్చుంది. ఈశ్వర్‌కు కోపం వచ్చింది. ఇన్నేళ్లలో ఆమెకు బదులు చెప్పాల్సిన అవసరమే రాలేదతనికి. మళ్లీ ఫోన్ దగ్గరికి పోయాడు.

"అన్నా, అలేఖ్య రానంటాంది... లే, కొట్లాట కాలే... ఎందుకో నాకేం ఎరుక? ఎన్నడన్న అడిగితే గద."

ఫోన్ పెట్టేశాడు. తర్వాత వచ్చి, ఆమె ఎదురుగా చాప మీద, శిష్యులు కూర్చునే చోట బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"చెప్పు" అన్నాడు.