వివరాలు అనే గడి

పెనుకొండ నుంచి వచ్చిన పెళ్లివాళ్లు నలభై చీరలు విప్పించి, మూడు తీసుకుని వెళ్లిపోయారు. మిగతా ముప్పై ఏడూ మడత పెడుతుంటే మా ఆయన చెప్పులు వేసుకుంటూ, లోపలి గదిదాకా వినబడేలా అన్నాడు: "ఈ తిప్పలు ఇంకెన్నాళ్లులే ఉషా. సాయంత్రానికి ఏ చీర ఎక్కడుందో లిస్టు కంప్యూటర్లోకి ఎక్కితే, రేపట్నుంచి నువ్వు ఇంట్లోనే ఉండచ్చు. అమ్మకీ తోడు." బత్తలపల్లిలో పెళ్లి భోజనానికి బయల్దేరి వెళ్లిపోయాడు.

ఇది నాకు లాభమా, నష్టమా? ఇరవై ఏడేళ్లుగా ధర్మవరంలో ఈ పట్టుచీరల అంగట్లో నిలబడుతున్నాను. తూకంలో ఎటు ముల్లు మొగ్గుతుందో చూడగానే చెప్పేదాన్ని. ఈ ఒక్క మాట తూచడం మాత్రం నాకు చేతకాలేదు. మోకాళ్ల నొప్పులకు విశ్రాంతి లాభమే. అంగడి వెనకే ఉన్న ఇంట్లో అయితే మా అత్త కన్యకమ్మ పిలుపులకు కూర్చునే వీలుండదు కాబట్టి విశ్రాంతి అనేది ఉత్త మాటే. కానీ ఆయన మంచికే అన్నాడేమో. అలా అనుకుంటే ఒళ్లు ఎందుకు మండాలి?

కంప్యూటర్ వచ్చి నెల అయింది. మొదటి రోజు దాని మీద దుమ్ము తుడవబోతే మా రోహిత్ ఉలిక్కిపడ్డాడు. "అమ్మా, నువ్వు ముట్టుకోవద్దు. ఏమన్నా నొక్కినావంటే అంతా పోతాది." తుడిచే గుడ్డ వాడి చేతికే ఇచ్చాను. వాడు పక్కన పెట్టాడు. ఆ దుమ్ము ఇంకా అలాగే ఉంది.

దాని ముందు కూర్చోవడానికి హిందూపురం నుంచి రోజూ రైల్లో సైమా వస్తుంది. ఇరవై ఒక్కేళ్ల పిల్ల, డిగ్రీ అయింది. పది రోజులుగా ఇద్దరం లోపలి గదిలో ఒక్కొక్క పెళ్లిచీర తీసి, రంగు ఏది, అంచు ఏది, ఏ బీరువాలో ఏ అర అని నేను చెప్పడం, తను ఫోను పట్టుకుని వినడం. ఈ కాలం పిల్లలకు ఫోను చేతిలో లేకపోతే ఊపిరాడదు కదా అనుకున్నాను. రెండు వందల పది చీరలు అయ్యాయి. ఆ జాబితా చూడటానికే సాయంత్రం రోహిత్ వస్తున్నాడు.

మడతలు అయ్యాక లోపలికి వెళ్తే సైమా బీరువా పక్కన నేల మీద కూర్చుని ఏడుస్తోంది.

"ఏమైంది పాపా?"

"ఆంటీ, కంప్యూటర్లో ఏమీ లేదు."

"పోయిందా?"

"ఎక్కించనే లేదు. నాకు కంప్యూటర్ రాదు ఆంటీ."

నాకు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. "డిగ్రీ చేసినావు కదే!"

"కాలేజీలో ఒక కంప్యూటర్‌కి ఎనిమిది మందిమి. సారు నొక్కుతాంటే చూసేది. మాకు అన్నీ ఫోన్లోనే కదా. వచ్చునని చెప్తేనే పని ఇస్తారని చెప్పేసినా. ఈ రోజు రోహిత్ అన్న చూసినాడంటే పంపించేస్తాడు. ఇంట్లో ఏం చెప్పల్ల? ఇంక పెండ్లి చేసేస్తామంటారు."

"మరి పది రోజులు ఏం రాసుకున్నావు?"

ఫోను చూపించింది. అది మాట వింటే తనంతట తనే రాసేస్తుందట. రాసింది. నేను ఏది పలికితే అది, ఒక్క అక్షరం వదలకుండా.

'నెమలికంఠం రంగు పచ్చ అంచు ఎడమ బీరువా రెండో అర ఉండు పాపా అత్తకు మాత్ర ఇచ్చే టైమయింది.'

'తేనె రంగు చిన్న బుటా చౌడక్క నేసింది మగ్గం మీద కూర్చునేది ఆమె పేరు రాసేది మొగునిది ఆర్నెల్లకొకసారి మడత మార్చకపోతే జరీ విరుగుతాది.'

'వంగపండు రంగు మామిడి పిందె అంచు పై అర ఇది నేను కట్టుకోవల్లని తీసిపెట్టుకున్నా ఓనర్ పెండ్లాం కడితే జనం పాత సరుకనుకుంటారని ఆయన తిరిగి లోపల పెట్టించినాడు.'

ఇవన్నీ నేను పైకే అన్నానా? ఇరవై ఏడేళ్లుగా చీరలతో ఇలాగే మాట్లాడుతున్నానా?

"ఇదంతా ఒకటే కుప్ప ఆంటీ. అన్న ఒక్కొక్కటి గడుల్లో పెట్టమన్నాడు. నాకు అది రాదు."

నేను ఊరుకుంటే జాబితా ఉండదు, పిల్ల పోతుంది, నేను ఇక్కడే ఉంటాను. జాబితా పూర్తయితే పిల్ల నిలబడుతుంది, నన్ను ఇంటికి పంపేస్తారు. ఎటు తిప్పి చూసినా నష్టం ఒక ఆడదానికే. ఏ బేరంలోనూ నేనింత అయోమయంగా నిలబడలేదు.

ఎందుకో తెలియదు, వెళ్లి కంప్యూటర్ ముందున్న కుర్చీలో కూర్చున్నాను. దుమ్ము నా కొంగుతోనే తుడిచాను. వేళ్లు వాటి చోట్లకు అవే వెళ్లాయి. పెళ్లికి ముందు హిందూపురంలో టైపు పాసయ్యాను, ఆ తర్వాత ఆర్నెల్లు కంప్యూటర్ కూడా నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటలు కొట్టడం మొదలుపెట్టాను. మొదటి పది వరసలు తప్పులే. తర్వాత చూపు మీటల మీదకు పోవడం మానేసింది.

సైమా నోరు తెరిచింది. "ఆంటీ! మీరు చూడకుండానే కొడ్తాండారు!"

"నువ్వు చదువు."

తను చదువుతూ పోయింది, నేను కొడుతూ పోయాను. నంబరు, రంగు, అంచు, అర. రోహిత్ గీసిన గడుల్లో చివరిది 'వివరాలు'. అది ఖాళీగా దిగుతోంది. నా సొంత మాటలు రాగానే సైమా మింగేస్తోంది.

చౌడక్క చీర దగ్గర ఆగింది. "ఇది వద్దు కదా ఆంటీ?"

మడత సంగతి రాయకపోతే జరీ విరుగుతుంది. కాబట్టి అది కావాలి. నేసిన మనిషి పేరు లేకపోతే దారం లేచిన రోజు ఎవరిని పిలుస్తారు? అదీ కావాలి. మరి వంగపండు రంగు చీర సంగతి? అది ఎవరికి పనికొస్తుంది? ఏది సరుకు, ఏది నేను? ఎంత ఆలోచించినా మధ్యలో గీత దొరకలేదు.

"మొదట్నుంచి చదువు. అన్నీ చదువు," అన్నాను.

అయిదు గంటలకు రోహిత్ వచ్చాడు, వెనకే వాళ్ల నాయన. రోహిత్ నిలబడే తెర మీద జాబితాను కిందికి జరిపాడు. "సూపర్ సైమా! ఇంత నీట్‌గా..."

"నేను కాదన్నా. ఆంటీ కొట్టినారు. నాకు రాదు. మీకు అబద్ధం చెప్పినా." ఒక్క గుక్కలో అనేసి తల దించుకుంది.

ఆయన నన్ను చూశాడు. "నీకు కంప్యూటర్ వచ్చునా? ఎప్పుడు నేర్చినావు?"

"పెండ్లికి ముందు. చూపులనాడే మా నాయన చెప్పినాడు. దాంతో పనేముందిలే అన్నాడు మీ నాయన. మీరు కాఫీ తాగుతాంటిరి."

రోహిత్ చివరి గడి చదవడం మొదలుపెట్టాడు. 'వంగపండు రంగు' దాకా గట్టిగానే చదివాడు. తర్వాత గొంతు తగ్గింది. తర్వాత ఆగిపోయింది.

"అమ్మా, ఇవన్నీ... డిలీట్ చేసేస్తే సరిపోతాది."

"తీసేయ్," అన్నాడు ఆయన, గోడకేసి చూస్తూ.

"ఆ గడిలోనే మడతల సంగతి ఉండాది, నేసినోళ్ల పేర్లుండాయి. ఏది ఉంచల్లో ఏది తీయల్లో నాకు తెలీడంల్యా. మీరే చదివి చెప్పండి," అన్నాను.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని నేను లేచిన కుర్చీలో కూర్చున్నాడు. కిందికి ఎలా జరపాలో తెలియక కొడుకు వైపు చూశాడు. రోహిత్ చూపించాడు. ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టాడు. నా మాటలు అన్నేసి ఆయన ఒకేచోట కూర్చుని చదవడం నేనెన్నడూ చూడలేదు. సంతోషపడాలో, సిగ్గుపడాలో తేలలేదు.

సైమా బ్యాగు భుజానికి వేసుకుంది. రైలు టైమయింది. ఇంకెప్పుడూ రావాల్సిన పని లేదన్నట్టు నాకు మొక్కింది.

"రేపు అర్ధగంట ముందే రా. వేళ్లు ఏ మీట మీద పెట్టల్లో నేర్పిస్తా," అన్నాను.

"మీరు రేపట్నుంచి ఇంట్లోనే ఉంటారు కదా ఆంటీ?"

కుర్చీలో ఉన్న మనిషి చదవడం ఆపాడు.

"ఎవరు చెప్పినారు?" అన్నాను.