ఓ నుంచి ఓ దాకా

పది కొట్టేసరికి సీగ్‌మార్ తొమ్మిదో కారు పక్కన మోకాళ్ళూనాడు. ఎయిర్ గన్ పెట్టి అయిదు బోల్టులూ ఊడదీశాడు. చక్రాన్ని ఒళ్ళోకి లాక్కుని దించి, సుద్దముక్కతో దాని మీద 'ముందు ఎడమ' అని రాశాడు. లేవబోతుంటే మోకాలు కలుక్కుమంది. ఆయన మూలిగాడు గాని, షాపులో ఆ మూలుగు ఎవరూ వినిపించుకోరు.

మా కొండల్లో టైర్లకి ఒక లెక్క ఉంది: ఓ నుంచి ఓ దాకా. అక్టోబరులో చలికాలపు టైర్లు ఎక్కించాలి, ఈస్టర్‌కి దించాలి. అక్టోబరుని మావాళ్ళు ఓక్టోబర్ అని, ఈస్టర్‌ని ఓస్టర్న్ అని అంటారు కాబట్టి రెండూ ఓతోనే మొదలవుతాయి, చిన్నపిల్లలకి కూడా నోటికొచ్చు. చిక్కల్లా ఏమిటంటే, అక్టోబరు కదలదు గాని ఈస్టర్ ఒకచోట నిలవదు. ఒక ఏడు ఏప్రిల్ చివర వస్తుంది, ఒక ఏడు మార్చిలోనే ఊడిపడుతుంది. ఈ ఏడు మార్చిలోనే వచ్చింది. లోయలో ఎండ కాస్తోంది, గట్టు మీద ఇంకా మూరెడు మంచుంది. అయినా సరే, రేపటినుంచి నాలుగు రోజులు సెలవులని జనం పొద్దున్నే వచ్చి వరస కట్టారు. లెక్క లెక్కే కదా మరి!

సీగ్‌మార్‌కి అరవై మూడేళ్ళు. నలభై ఒక్క ఏళ్ళుగా ఇదే షెడ్డు. ఈలోగా ఒక ప్రభుత్వం పోయి ఇంకోటి వచ్చింది, దేశం పేరు మారింది, యజమానులు నలుగురు మారారు. మోకాళ్ళు మాత్రం అవే. ఎవరేం చెప్పినా 'సరే' అనడం ఆయన అలవాటు. ఇరవై ఏళ్ళ కిందట ఫోర్‌మన్ పని ఇస్తామని పిలిచి, మర్నాడు అది ఇంకొకరికి ఇచ్చామన్నారు. దానికీ సరే అన్నాడు.

"ఏం పెద్దాయనా, టైరుకి ముద్దులు పెడుతున్నావా?" ఇప్పటి యజమాని రోనీ ఆఫీసు గదిలోంచి కేకేశాడు. "కానీ, కానీ. బయట ఇంకా పద్నాలుగున్నాయి."

"సరే," అన్నాడు సీగ్‌మార్.

నిజానికి ఆయన పొద్దుట్నుంచీ గేటు వైపే చూస్తున్నాడు. ఇవాళ గడ్డం రెండుసార్లు గీసుకుని వచ్చాడు. చెవి కింద తెగింది కూడా.

మధ్యాహ్నం పాలకూర, ఉడకబెట్టిన గుడ్డు తిని డబ్బా మూస్తుండగా ఆ చిన్న తెల్ల కారు వచ్చింది. ఇళ్ళకి వెళ్ళి రోగుల్ని చూసే సంస్థది. దిగింది హైడ్రున్ సిస్టరు. ఆయన భార్య మార్గిట్ మంచాన పడ్డ మూడేళ్ళూ రోజూ వచ్చి ఒళ్ళు తుడిచి, తల దువ్వి, నవ్వించి వెళ్ళిన మనిషి. మార్గిట్ పోయాక ఆవిడ ఆ ఇంటికి రావలసిన పని లేకుండా పోయింది. ఇప్పుడు ఆయనకి ఆవిడ కనబడేది ఏడాదికి రెండేసార్లు, అక్టోబరులో ఒకసారి, ఈస్టర్‌కి ఒకసారి. మిగతా ఏడాదంతా ఆయన ఆ రెండు రోజుల కోసమే ఎదురుచూస్తాడన్న సంగతి ఎవరికీ తెలియదు.

"సిస్టరుగారూ, ఇప్పుడెందుకండీ మార్చడం? పైన ఇంకా మంచుంది. గాలి చూస్తే సాయంత్రానికి మళ్ళీ పడేలా ఉంది."

"నాకు తెలీదేమిటి, రోజూ తిరిగేదాన్ని! ఎనిమిది బళ్ళకీ ఆఫీసువాళ్ళే ఒక్కసారిగా బుక్ చేశారు. ఇవాళ తప్పితే మళ్ళీ మూడు వారాల దాకా ఖాళీ లేదట. మార్చకుండా వెళ్తే ఆ మేనేజరమ్మ నన్ను ఫోన్లోనే నమిలేస్తుంది."

"పోనీ ఈ పూట పైకి వెళ్ళకండి."

"పై ఊళ్ళో ఇద్దరు ముసలాళ్ళకి ఇన్సులిన్ పొడవాలి సీగ్‌మార్ గారూ. పండగని షుగరు కూడా సెలవు తీసుకుంటుందా?"

ఆయన రోనీ దగ్గరికి వెళ్ళాడు. ఈ ఒక్క బండీ రెండు వారాలు ఆపుదామని గొణిగాడు.

"బండి వాళ్ళది, అడిగింది వాళ్ళు. ఓ నుంచి ఓ దాకా. నీకెందుకయ్యా ఈ గొడవంతా?"

"సరే," అన్నాడు.

పాత చక్రం దించి దాని మీద బొటనవేలు నొక్కాడు. చలికాలపు రబ్బరు ఇంత చలిలోనూ మెత్తగా లోపలికి దిగింది. ఎక్కించబోయే వేసవి టైరు మీద నొక్కితే వేలే నొప్పెట్టింది. చలికి అది రాతిపలకలా బిగుసుకుపోతుంది, మంచును పట్టుకోదు, దాని మీద జారడం తప్ప దానికింకేమీ తెలియదు. ఇదంతా నలభై ఏళ్ళుగా ఆ వేలికి తెలుసు. తెలిసి ఏం లాభం! నాలుగూ ఎక్కించి, ప్రతి బోల్టునీ తన చేతులతోనే టిక్కుమనేదాకా బిగించాడు.

ఆవిడ టైర్ల దొంతర మీద కూర్చుని ఆయన్నే చూస్తోంది. నెలరోజులుగా అద్దం ముందు చెప్పుకున్న మాట ఎలాగో బయటికొచ్చింది.

"ఆదివారం... మధ్యాహ్నం గొర్రెమాంసం వండుతున్నానండీ. నా ఒక్కడికీ ఎక్కువైపోతుంది."

"మీరా, వంటా! గుడ్డు ఉడకబెట్టమంటే గిన్నె మాడ్చిన మనిషి!"

"నేర్చుకున్నాను."

ఆవిడ పకపకా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి ఆయన చెవి కింద గాటు వైపు చూసింది.

"ఒంటిగంటకి డ్యూటీ దిగుతాను. వస్తాను లెండి. ఉప్పు మాత్రం నేనే వేస్తాను, ముందే చెబుతున్నా."

తెల్ల కారు గేటు దాటింది. ఆ తర్వాత రెండు బళ్ళ పని ఎలా అయిందో సీగ్‌మార్‌కి తెలియనే లేదు. ఒళ్ళంతా సంతోషంగా ఉంది, కళ్ళు మాత్రం గట్టు వైపే పోతున్నాయి.

మూడున్నరకి వెలుతురు తగ్గింది. నాలుగు కాకుండానే మంచు మొదలైంది. లోయలోనే ఇలా ఉంటే గట్టు మీద ఎలా ఉందో ఆయనకి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆవిడ నంబరు ఆయన దగ్గర లేదు, ఏనాడూ అడగలేకపోయాడు. సంస్థ ఆఫీసుకి ఫోన్ చేశాడు. పండగ శుభాకాంక్షలు, మంగళవారం కలుద్దామని ఒక రికార్డు గొంతు తీయగా చెప్పింది. మళ్ళీ చేస్తే మళ్ళీ అంతే తీయగా చెప్పింది.

ఆవిడ చలికాలపు టైర్లు నాలుగూ షాపు వ్యాన్లోకి ఎక్కించాడు. జాకీ కూడా అందులోనే పడేశాడు.

"ఎక్కడికి? ఇంకా మూడు బళ్ళున్నాయి!" రోనీ అడ్డొచ్చాడు.

"కుదరదు," అన్నాడు సీగ్‌మార్.

రోనీ పక్కకి తప్పుకున్నాడు. వ్యాన్ గేటు దాటేసింది.

షాపు వ్యానుకి మే నెల దాకా టైర్లు మార్చనివ్వడు ఆయన. మొదటి మలుపులో బ్రేకు తొక్కితే టైర్లు మంచును కరకరా పట్టుకుని నిలబడ్డాయి. రెండో మలుపూ అంతే, మూడోదీ అంతే. బండి ఎక్కడ కుదురుగా తిరిగినా ఆయనకి ఏడుపొచ్చింది. ఇక్కడ ఆవిడ తొక్కి ఉంటుంది, ఆగి ఉండదు. 'ఎక్కడైనా పక్కకి తీసి ఆపెయ్యమ్మా, కూర్చో, నేనొస్తున్నాను' అని బండి ముందద్దంతో చెబుతూ నడిపాడు. వంతెన దగ్గర ఆవిడ కారు కనబడలేదు. చెక్కల మిల్లు దగ్గరా కనబడలేదు. ఆయనకి కాస్త ఆశ కలిగింది.

పై ఊరికి ఇంకా రెండు మలుపులుండగా నీలం దీపం కనబడింది. రోడ్డుకి అడ్డంగా పోలీసు బండి ఉంది. ఫర్ చెట్ల మధ్య, కింద, తెల్ల కారు పక్కకి ఒరిగి ఉంది. అంబులెన్సు వెనక తలుపులు మూసి ఉన్నాయి. దాని చుట్టూ ఎవరూ తొందరపడటం లేదు.

పోలీసమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది. "దారి లేదండీ, వెనక్కి తిప్పుకోండి."

"సిస్టరు... సిస్టరుగారికి..."

ఆమె తల అడ్డంగా ఊపింది. "మేం వచ్చేసరికే అయిపోయింది. మీరు ఆవిడ బంధువులా?"

"కాదు," అన్నాడు సీగ్‌మార్. "టైర్లు మార్చేవాణ్ణి."

ఆమె వ్యాన్ వెనక భాగంలోకి చూసింది, నాలుగు టైర్లనీ చూసింది. కాస్త పక్కకి జరిగి ఆయన్ని దిగనిచ్చింది.

రోడ్డు వారన, కారులోంచి తీసిన సామాన్లు ఎవరో శుభ్రంగా వరసగా పెట్టారు. సూదుల పెట్టె, గొడుగు, చేతిసంచీ. చివర్న ఆవిడ ప్రతి ఇంటి గుమ్మంలోనూ బూట్లు విప్పి తొడుక్కునే బూడిదరంగు ఉన్ని చెప్పులు, మడమల దగ్గర అరిగి, పక్కపక్కనే ఉన్నాయి, వాటిలోకి మంచు నింపాదిగా పడుతోంది.