టోర్బెన్ ఎడమకాలు

నేను ఒక షిన్ గార్డుని. ఫుట్‌బాల్ ఆటగాళ్లు సాక్సు లోపల, మోకాలి కింది ఎముకకు అడ్డుగా పెట్టుకునే అరచేయంత పలకని. ఎదుటివాడి బూటు దెబ్బ మొదట తగిలేది నాకే. జతలో నేను ఎడమకాలిదాన్ని.

జర్మనీలో, వెజర్ నది ఒడ్డునున్న ఒక చిన్న ఊళ్లో, కృత్రిమ కాళ్లు తయారుచేసే వర్క్‌షాపులో పుట్టాను. నన్ను చేసింది గేజా, తన తమ్ముడు టోర్బెన్ కోసం. అతను రెండో డివిజన్‌లో మిడ్‌ఫీల్డర్. మైదానం నడుమ ఉండి వెనకవాళ్ల దగ్గర బంతి తీసుకుని ముందువాళ్లకు అందించడం అతని పని. గోల్ కొట్టినవాడి పేరు జనం ఎలుగెత్తి అరుస్తారు. బంతి అందించినవాడు వాళ్లకు గుర్తొచ్చేది జట్టు ఓడిన రోజునే.

ఇరవై రెండో ఏట టోర్బెన్ ఎడమకాలు విరిగింది. ఏడాదిన్నర ఇంట్లో కూర్చున్నాడు. ఫోన్ చేసేవాళ్లు నెలనెలా తగ్గిపోయారు. మళ్లీ ఆడతానని లేచినప్పుడు గేజా ఆ కాలికి ప్లాస్టర్ పూసి అచ్చు తీసి, కార్బన్ పొరలు ఒకదాని మీద ఒకటి అతికించి నన్ను తయారుచేసింది. ఆ కాలికి తప్ప ఇంకే కాలికీ నేను సరిపోను.

ఏడేళ్లు కలిసి ఆడాం. మూడు క్లబ్బులు మారి చివరికి సొంతూరి క్లబ్బుకే వచ్చాం. అతనికి ముప్ఫై నిండిన ఏడాది, ఏప్రిల్లో, ఎముక మీద బియ్యపుగింజంత ఉబ్బు నా లోపలివైపు తగిలింది. వారానికి అది చిక్కుడుగింజంత అయింది. నాకు భయం పట్టుకుంది. అతనికీ తెలుసు. ప్రాక్టీసు అవగానే బాత్రూమ్‌లో తలుపేసుకుని ఐసు పెట్టుకునేవాడు. కాంట్రాక్టు జూన్‌తో అయిపోతుంది. కాలు బాగాలేదంటే కొత్తది ఎవరూ ఇవ్వరు. పైగా జట్టు పట్టికలో అడుగున ఉంది. చివరి మ్యాచ్ గెలిస్తే రెండో డివిజన్‌లో ఉంటుంది, లేకపోతే కిందికి పోతుంది. జట్టు డాక్టరు అడిగినప్పుడల్లా బాగానే ఉందనేవాడు. కాళ్లతో బతికే మనుషులు కాళ్ల గురించే ఇంత తేలిగ్గా అబద్ధమాడతారని నాకప్పుడే తెలిసింది.

ఆ మ్యాచ్‌కి రెండు రోజుల ముందు నన్ను గేజా దగ్గరికి తీసుకెళ్లాడు. ఇది నొక్కుతోంది, లోపల కాస్త అరగదియ్యమన్నాడు. ఆమె నన్ను తిప్పి చూసింది. తర్వాత అతని కాలు ఒళ్లోకి తీసుకుని బొటనవేలితో నెమ్మదిగా తడిమింది. అతను బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"నొక్కుతున్నది ఇది కాదు, టోర్బెన్. నీ ఎముక."

"శనివారం అయ్యాక చెప్తా."

"రోజూ కాళ్లు పోయినవాళ్ల కొలతలు రాసుకుంటున్నాను. నీ కొలతలు నాతో రాయించకు."

డాక్టరుకు తను చెప్పనని, అతనే చెప్పాలని అంది. నన్ను అరగదీయకుండానే బల్ల మీద పెట్టేసింది. అతను నన్ను సంచిలో వేసుకున్నాడు.

శనివారం స్టేడియం నిండిపోయింది. ఇరవయ్యో నిమిషంలో మావాళ్లు గోల్ కొట్టారు. టోర్బెన్ ఎడమకాలు దాచుకుంటూ, మూడడుగులు వెయ్యాల్సిన చోట రెండే వేస్తూ ఆడుతున్నాడు. నలభయ్యో నిమిషంలో ఎవరి బూటో వచ్చి నా మీద పడింది. నేను పగల్లేదు. కానీ నా కింద ఏదో సన్నగా కదిలింది. ఆ కదలిక ఆ జనంలో ఇద్దరికే తెలుసు, అతనికీ నాకూ.

విరామంలో, డ్రెస్సింగ్ గదిలో అందరి ముందూ సాక్సు కిందికి లాగి నన్ను తీసేశాడు. కోచ్ వైపు చూసి అన్నాడు:

"ఎముక చీలింది. ఏప్రిల్ నుంచి నాకు తెలుసు. ఇక ఆడలేను."

కెప్టెన్ ఫాల్క్ తన బూటు లేసులు ముడివేసుకుంటూ, తలెత్తకుండా, "ఇప్పుడా చెప్పేది?" అన్నాడు.

రెండో సగంలో మావాళ్లు ఎదుటి జట్టుకు రెండు గోల్స్ ఇచ్చేశారు. జట్టు కిందికి పోయింది. ఒక పత్రిక అతను గాయం దాచాడని తిట్టింది, ఇంకో పత్రిక గాయం పేరు చెప్పి తప్పుకున్నాడని తిట్టింది. రెండూ కొని చదివినవాళ్లూ ఉన్నారు.

ఎముకలో కడ్డీ వేశారు. కాలు సన్నబడిపోయింది, నేను వదులైపోయాను. అతని ఇంట్లో కిటికీ పక్కన పడి ఉండేదాన్ని. ఆరు వారాల తర్వాత, ఒక మధ్యాహ్నం ఫాల్క్ వచ్చాడు. అంతవరకూ ఒక్క మాట పలకరించలేదు. రొట్టె, జున్ను తెచ్చి బల్ల మీద పెట్టి, చంకకర్రల వంక చూశాడు.

"నిన్ను చూసిన డాక్టరు పేరేంటి?"

"ఎందుకు?"

ఫాల్క్ ప్యాంటు పైకి మడిచాడు. మోకాలు గుమ్మడికాయలా ఉంది.

"నవంబరు నుంచి ఇంజెక్షన్ల మీద ఆడుతున్నా. ఆ రోజు నీ మీద కాదు నాకు కోపం."

టోర్బెన్ కుంటుకుంటూ లేచి, కాగితం వెతికి పేరు రాసిచ్చాడు. ఇద్దరూ ఆ రొట్టె తిన్నారు.

పాత కాంట్రాక్టు మళ్లీ రాలేదు. మూడో డివిజన్‌లో ఇంకో క్లబ్బుకి రెండేళ్లు ఆడి మానేశాడు. అప్పుడతని కాలికి గేజా చేసిన కొత్త గార్డు ఉండేది, నన్ను ఆమె దగ్గరే వదిలేశాడు. ఇప్పుడు గాయపడ్డ ఆటగాళ్లను మళ్లీ పరుగెత్తించే పని చేస్తున్నాడు. బాగాలేదని వాళ్లు చెప్పేదాకా ఓపిగ్గా అడుగుతాడట. గేజా ఎవరితోనో అంటుంటే విన్నాను.

నేను ఆమె వర్క్‌షాపులో, అచ్చుల పక్కన అరలో ఉన్నాను. శుక్రవారం సాయంత్రాలు టోర్బెన్ ఇక్కడికి వస్తాడు. పద్నాలుగు మెట్లు దిగాలి. ఆ కాలు ఇప్పుడెలా ఉందో తాకి తెలుసుకునే దారి నాకు లేదు. అందుకే అతను దిగుతున్నంతసేపూ వింటుంటాను, ఎడమ అడుగు కుడి అడుగంత గట్టిగా పడుతోందా అని.