ఓదెలు పిడికిట్లో నేను

నేను ఒక ఎర్రటి స్పాంజి బంతిని. కరీంనగర్‌లో ఓ బ్లడ్ బ్యాంకులో నా ఉద్యోగం. అచ్చులో పోసి నన్ను తయారుచేసినవాళ్లు ముఖమ్మీద ఒక నవ్వు కూడా వేసి పంపారు. రక్తం ఇచ్చేవాళ్లు నన్ను పిసుకుతూ ఉండాలి, నేను నవ్వుతూ ఉండాలి. ఫోటో తీసేదాకా మీసం మెలేసి, సూది కనపడగానే నా ప్రాణం తోడేసిన వీరులు ఎందరో.

అన్ని పిడికిళ్లలోకీ గట్టిది పంక్చర్ షాపు ఓదెలుది. టైర్లు ఊడదీసే చేయి మరి. నాలుగు నెలలకోసారి వచ్చి రక్తం ఇచ్చేవాడు. తర్వాత పక్క గదికి వచ్చే ఎనిమిదేళ్ల శ్రీహిత చేతిలో నన్నూ, ఒక బిస్కెట్ ప్యాకెట్‌నూ పెట్టిపోయేవాడు. ఆ పిల్లకు తలసీమియా, ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఇద్దరిదీ ఒకటే గ్రూపు.

ఆమధ్య యాభయ్యోసారి ఇచ్చాడు. స్నేహితులు దండ వేశారు, గేటు ముందు ఫ్లెక్సీ కట్టారు. ఓదెలు పెళ్లికొడుకులా ఫోటోలు దిగాడు.

నాలుగో రోజు కౌన్సెలర్ నఫీసా మేడం కబురు పెట్టారు. ఆమె బల్లమీద నేనే ఉన్నాను. ఓదెలు అలవాటుగా నన్ను అందుకున్నాడు.

"నీ నెత్తుర్ల హెపటైటిస్ సి వైరస్ దొరికిందన్నా. కాలేయాన్ని పాడుచేస్తది. ఈ మధ్యల పచ్చబొట్టు గిట్ల ఏయించుకున్నవా?"

ఓదెలు తలవంచుకుని చొక్కా గుండీ విప్పాడు. భుజంమీద రక్తపు చుక్క, అందులో యాభై అంకె. నెలన్నర కిందట జాతరలో వేయించుకున్నాడట. వరసలో ఉన్నవాళ్లందరికీ ఒకటే సూది.

"ఫారంల లేదని రాసినవ్ గదా?"

"చెప్తే ఏడాది ఆగుమంటరు మేడం. అప్పటికే ఫ్లెక్సీ కొట్టిచ్చిండ్రు."

బరువు గురించీ వయసు గురించీ అబద్ధాలు విన్నాను గానీ, ఫ్లెక్సీ కోసం ఆడినది వినడం అదే మొదలు.

"నాకు జరం సుత రాలే మేడం."

"మొదటి పరీక్షకు సుత దొరకలే. వైరస్‌తోని ఒళ్లు కొట్లాడుడు మొదలువెట్టినంకనే దానికి తెలుస్తది. రెండో పరీక్ష వైరస్‌నే దేవులాడుతది. గాలి దిగిన టైరును ఎవలైన గుర్తువడుతరు. గట్టిగున్న ట్యూబును నువ్వు నీళ్లల్ల ముంచి బుడగలు చూస్తవు గదా, గట్లనే. తొందరగ దొరికింది, మంచిదే. డాక్టర్ చూస్తడు, మాత్రలతోని శానమందికి తగ్గుతది."

ఓదెలు ఆ మాత్రల గురించి అడగలేదు. నా నవ్వు అణిగిపోయేలా పిడికిలి బిగించాడు.

"శ్రీహిత నిన్న అచ్చిపోయింది గదా. పొల్లకు నాదే ఎక్కిచ్చిండ్రా?"

"లేదన్నా. రెండు పరీక్షలూ అయ్యేదాక ఏ నెత్తురూ బయటికి పోదు. నీది పారవోసినం."

పిడికిలి విడిపోయింది. ఓదెలు మోచేత్తో కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "మంచిగ చేసిండ్రు మేడం, మంచిగ చేసిండ్రు" అంటూనే ఉన్నాడు.

అతనిక రక్తం ఇవ్వకూడదు. ఇప్పుడు కొత్తవాళ్లను వెంటబెట్టుకొస్తాడు. ఫారం నింపేముందు వాళ్ల చొక్కాలు విప్పించి మరీ చూస్తాడు. నేను చీలికలు పట్టి సొరుగులో పడి ఉన్నాను. వేల చేతులు నన్ను పిసికాయి. తన రక్తం పారబోశారని విని అంతగా సంతోషపడ్డ చేయి మాత్రం అదొక్కటే.