అడిగి చెప్పాలె

ఎల్లస్వామి పాస్టరు కాశిబుగ్గ మందిరంలో ముప్పై నాలుగేళ్లు వాక్యం చెప్పాడు. ‘ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను’ అన్నాడంటే ఇంకో ముప్పావుగంట ఉందని సంఘంలో పిల్లలకు కూడా తెలుసు. బైబిలు పేరు పెట్టుకొమ్మని తోటి పాస్టర్లు చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా, మా అవ్వ పెట్టిన పేరు దేవునికి తెలవదా అని నవ్వేసిన మనిషి. ఆయన పోయి పదిరోజులైంది. ఆదివారం జ్ఞాపకార్థ కూడిక.

శుక్రవారం పొద్దున్నే సంఘ పెద్ద మొగిలయ్య ఇంటికి వచ్చాడు. పాస్టరు భార్య రాజేశ్వరి ఎదుట కూర్చున్నాడు గానీ, మాట కూతురితో కదిపాడు.

“సౌమ్యా, బయట అయ్యగారు ఎట్లుండెనో మాకెర్కే. ఇంట్ల ఎట్లుండెనో జర నువ్వు చెప్పాలె బిడ్డా. అయిదు నిమిషాలు చాలు.”

“నాతోని కాదు పెద్దబాపూ.”

సౌమ్య హనుమకొండలో ఒక ఆసుపత్రిలో నర్సు. నలభైకి దగ్గరపడింది. అంతమంది రోగుల మధ్య గొంతు వణకని మనిషికి మైకంటే భయమేమిటని మొగిలయ్య అనుకుని ఉంటాడు. భయం కాదది, కోపం. పాతికేళ్ల నాటిది.

ఆమెకు పదమూడేళ్లప్పటి సంగతి. ఆదివారం ఆరాధనలో అందరికీ పంచే ప్రభువు బల్ల కోసం తల్లి సీసాలో పోసిపెట్టిన ద్రాక్షరసాన్ని శనివారం మధ్యాహ్నం సగం తాగేసింది. ఖాళీ అయిన సగాన్ని నీళ్లతో నింపి, రంగు తగ్గకుండా ఇంత షర్బతు కలిపి మూత పెట్టింది. మర్నాడు సంఘమంతా భక్తితో కళ్లు మూసుకుని ఆ షర్బతే తాగింది. దొంగతనం బయటపడ్డాక తండ్రి కొట్టలేదు, తిట్టలేదు. అదేదో చేసి ఉన్నా బాగుండేది. పై ఆదివారం వాక్యంలో, పేరుతో సహా, చేతులు తిప్పుతూ ఆ కథంతా చెప్పాడు. వాక్యం చెప్పేవాళ్లకు అదొక జబ్బు, ఇంట్లో చీమ కుట్టినా ఉదాహరణ చేసి పారేస్తారు. జనం పడీపడీ నవ్వారు. సోమవారానికల్లా బడిలో ఆమె పేరు షర్బతు అయింది. పదో తరగతి దాటేదాకా ఆ పేరు వదల్లేదు.

“ఇగ ఎన్నడన్న నా ముచ్చట మైకుల చెప్పినవంటే నీతోని మాట్లాడ,” అంది. అనడమే కాదు, మూడు నెలలు నిజంగానే మాట్లాడలేదు. తల్లి తెల్లారక ముందే కుట్టుమిషను ముందు కూర్చునేది కాబట్టి, బడికి పోయే ముందు జడలు వేసేది తండ్రే. ఆ మూడు నెలలూ ఆయన వేశాడు, ఆమె నోరు విప్పకుండా వేయించుకుంది. చివరికి ఒకరోజు రిబ్బను కడుతూ, “నిన్ను అడగకుండ నీ ముచ్చట చెప్ప బిడ్డా,” అని ఆయన మాటిచ్చాడు.

అంతటితో పోవాల్సింది. కానీ తర్వాత ఆమె నర్సింగులో కాలేజీకే ఫస్టొచ్చినా, ఉద్యోగం దొరికినా, తండ్రి మైకులో ఒక్క ముక్క అనలేదు. ఎవరి పిల్లలు ఏడో తరగతి గట్టెక్కినా పేరుపేరునా స్తుతి చెల్లించే మనిషికి, కూతురి దగ్గరికి వచ్చేసరికి నోరు మూతపడేది. ఆయనిచ్చిన మాటను ఆమె ఎప్పుడో మరిచిపోయింది. షర్బతును మాత్రం మరవలేదు. అందుకే, తానంటే తండ్రికి నామోషీ అని తేల్చేసుకుంది. అలాంటి తండ్రిని మైకు ముందు ఏమని పొగడాలి?

శనివారం, ఫొటో పక్కన పెట్టడానికి ఆయన వాక్యాలు రాసుకునే నోటుబుక్కు ఒకటి తెమ్మంది తల్లి. సౌమ్య ట్రంకుపెట్టె తెరిచి, చేతికందిన పుస్తకం తిప్పింది. వాక్యం పక్కన అంచులో పెన్సిలు రాత కనబడింది.

‘సౌమ్య నర్సింగుల ఫస్టు. కష్టఫలం అన్నకాడ చెప్పొచ్చు. అడిగి చెప్పాలె.’

ఇంకో పుస్తకం తీసింది. ‘వానకు బస్సులు బందైతే సౌమ్య నడిచి డ్యూటీకి పోయింది. నమ్మకత్వం. అడిగి చెప్పాలె.’ మరో పుస్తకంలోనూ అంతే. ఆమెకే గుర్తులేని చిన్న చిన్న సంగతులు కూడా ఉన్నాయి. ప్రతిదాని కిందా అదే మాట.

ఆఖరి పుస్తకంలో అక్షరాలు వంకరపోయాయి. షుగరు పుండుతో ఆయన మంచం పట్టిన ఆరునెలలూ సౌమ్య డ్యూటీ దిగి, ఆటోలో వచ్చి, రోజూ ఆయన కాలు కడిగి కట్టు కట్టేది. కడుతున్నంతసేపూ తిట్టేది కూడా, పాలంపేట దిక్కు ఊళ్లన్నీ చెప్పుల్లేకుండా తిరిగితే ఇంతే మరి అని. ఆయన కళ్లు మూసుకుని వినేవాడు.

‘ప్రభువు శిష్యుల కాళ్లు కడుగుట,’ అని మొదలుపెట్టి రాశాడు. ‘ఇన్నేండ్లు చెప్పిన గని నాకే సమజ్ కాలేదు. నా బిడ్డ నా కాలు కడుగుతాంటె సమజైంది. ఈ వాక్యం చెప్పాలె. సౌమ్యను తప్పకుండ అడగాలె.’

ఆమె ఆ పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది.

“మరెందుకు అడగలేదమ్మా?”

రాజేశ్వరి ఆదివారం భోజనాలకు బియ్యం చెరుగుతోంది. పుస్తకం చూసి, చేతిలోని చేటను కింద పెట్టింది.

“భయపడ్డడు బిడ్డా. మల్ల మూడు నెల్లు మాట్లాడకపోతే ఎట్లనే రాజీ, అంటుండె. రేపడుగుత, రేపడుగుత అన్కుంటనే పాయె.”

సౌమ్యకు ముందు తన మీద తనకే అసహ్యం వేసింది. తర్వాత తల్లి ఒళ్లో తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

ఆదివారం ఆమె మైకు ముందుకు వచ్చి, మొట్టమొదట షర్బతు కథ చెప్పింది. అప్పుడు దాన్ని తాగినవాళ్లంతా ఇప్పుడు నెరిసిన తలలతో ముందు వరసల్లో ఉన్నారు. మొగిలయ్య నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. ఆ తర్వాత పుస్తకాలు ఒక్కొక్కటే తీసి, పెన్సిలు రాతలు చదివింది. ఇచ్చిన అయిదు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి.

ఆఖరి పుస్తకం తెరిచి ఆగింది. ఫొటో వైపు తిరిగింది.

“చెప్పుకో బాపూ,” అంది.

అని, ఆయన చెప్పలేకపోయిన ఆ వాక్యాన్ని మొదటి నుంచీ, తన పేరుతో సహా, చదివింది.