ఎడమచేతి మెలి

ముడి ఏ చెయ్యి వేసిందో ముడిని చూస్తే తెలిసిపోతుంది. పాతికేళ్ళుగా గోదాములో తాళ్ళు చూసుకునే మోకులాయనకు ఆ మాట ఒకరు చెప్పనక్కర్లేదు. పైఅంతస్తు నుంచి మోకుతాడుతో దించుతున్న మూట జారి గుమాస్తా కాలు విరిగిన రోజున అందరూ గుమాస్తా చుట్టూ మూగారు. మోకులాయన మాత్రం వంగి, సగం జారి బిగుసుకుపోయిన ముడిని కోసి చొక్కాలో దోపుకున్నాడు. మెలి ఎడమకు తిరిగి ఉంది. గోదాము మొత్తం మీద ఎడమచేతివాటం ఒక్కడికే, మేస్త్రీ అల్లుడికి.

సాయంత్రానికల్లా నేరం మూటలు కట్టే నల్లవాడి మీద పడింది. అతనికీ ఒక పేరుంది. కానీ ఒంటి నలుపూ ఉంగరాల జుట్టూ చూసి గోదాములో అందరూ అలాగే పిలిచేవారు. "ఆ జాతికి ముడెయ్యడం ఎక్కడొచ్చు?" అన్నారు. శుక్రవారం విచారణ. రుజువైతే పని పోవడమే కాదు, జైలు కూడా.

మోకులాయన నోరు విప్పలేదు. అతని అమ్మమ్మ ఆ జాతి మనిషే. ఒంటి రంగు తల్లి నాటికే వెలిసింది గాని జుట్టు వదల్లేదు. కాస్త పెరిగితే చాలు, రింగులు తిరుగుతుంది. అందుకే ప్రతి ఆదివారం తలుపు గడియ పెట్టి భార్య మొదలంటా కత్తిరించేది.

మర్నాటి నుంచి అతనికి ఎవరు చూసినా అనుమానమే. టీ తెచ్చినతను "ఏంటి, గుండెల మీంచి చెయ్యి తియ్యవు?" అంటే టీ అలాగే వదిలేసి లేచాడు.

గురువారం మేస్త్రీ ఇంటికొచ్చాడు.

"ఏం బావా, ఒంట్లో బాగుందా?"

పాతికేళ్ళలో ఒక్కనాడూ బావా అన్న మనిషి కాదు. కుర్చీ వేసినా కూర్చోలేదు. గూళ్ళు చూశాడు, మంచం కింద చూశాడు, బియ్యం డబ్బా చూశాడు. ముడి ఆ డబ్బాలోనే ఉంది, బియ్యం అడుగున.

"ఆ మోకు ముక్క గానీ నీ దగ్గరుందా?"

"చెత్తలో పోయుంటుంది."

"పోతే మంచిదే." గుమ్మం దగ్గర ఆగాడు. "అవును బావా, మీ అమ్మగారిది ఏ ఊరు? జుట్టు మరీ అంత పొట్టిగా ఎందుకు తీయిస్తావని మా ఆవిడ అడుగుతోంది."

"పేలు."

"ఈ వయసులోనా?" నవ్వుకుంటూ వెళ్ళాడు.

"ఆ ముక్కేదో పారేస్తే పోదా? మనకెందుకొచ్చిన తంటా?" అంది భార్య.

"ముక్క ఇవాళ పారేస్తానే. తల ఎక్కడ పారెయ్యను? వాడు రోజూ దాని వంకే చూస్తాడు."

ఇన్నాళ్ళూ నోరు కుట్టేసిన భయమే ఇప్పుడు వీపు మీద చెయ్యేసి తోసింది.

విచారణ గదిలోకి మోకులాయన వస్తుంటే నల్లవాడు అనుమానంగా చూశాడు, ఇతన్నెవరు పంపారో అన్నట్టు. మోకులాయన ముడిని అధికారి ముందు పెట్టాడు. తేడా చూపిద్దామని తాడు తీసుకున్నాడు. నల్లవాడు లేచి తాడు అందుకుని తన ముడి వేశాడు. మెలి కుడికి తిరిగింది.

"ఇప్పుడు ఆ అబ్బాయిని వెయ్యమనండి" అన్నాడు మోకులాయన.

అల్లుడు తాడును ఎడంచేత్తో పట్టాడు. మామ దగ్గాడు. అల్లుడు వెంటనే తాడును కుడిచేతికి మార్చుకుని, ముడి పడక తికమకపడ్డాడు. అందరూ చూశారు.

"అయ్యా, వీడి మాట నమ్మకండి. వీడూ ఆ జాతే. నెల రోజులు జుట్టు పెంచమనండి, తెలుస్తుంది" అన్నాడు మేస్త్రీ.

అధికారి తలెత్తాడు. "నిజమేనా?"

మోకులాయన తల తడుముకున్నాడు.

"మా అమ్మమ్మండీ" అన్నాడు. "ముందు ఆ ముడి సంగతి చూడండి."

అధికారి కళ్ళజోడు పెట్టుకుని ముడిని వెలుతురుకు తిప్పాడు. తాడును మళ్ళీ అల్లుడి ముందుకు తోసి, "ఎడంచేత్తోనే వెయ్యి" అన్నాడు.

నల్లవాడు ఇంకా అదే అనుమానంతో చూస్తూ, బల్ల మీద జానెడు జరిగాడు. మోకులాయన ఆ ఖాళీలో అతని పక్కన కూర్చున్నాడు.